మెట్‌ఫార్మిన్: ఒక చిన్న బిళ్ళ వెనుక నూరేళ్ళ కథ

మధుమేహం ఉన్నవారి ఇంట మందుల డబ్బా తెరిస్తే మొదట చేతికి తగిలేది చాలావరకు మెట్‌ఫార్మిన్ బిళ్ళే. తెల్లగా, కొంచెం పెద్దగా ఉంటుంది. కొందరికి దాని వాసన గిట్టదు. ఒకటి రెండు రూపాయలకు దొరుకుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు. చవకగా దొరికే వస్తువు మీద మనకు గౌరవం తక్కువ, అనుమానం ఎక్కువ. అందుచేతనే కాబోలు, ఈ మందు గురించి నన్ను పాఠకులు అడిగినన్ని సార్లు మరి ఏ మందు గురించీ అడగలేదు. ఆ ప్రశ్న కూడా దాదాపు ఒక్కటే: "డాక్టరు గారూ, ఈ బిళ్ళ ఏళ్ళ తరబడి వాడితే కిడ్నీలు పాడైపోతాయట కదా! మానేయమంటారా?"

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు. మెట్‌ఫార్మిన్ మూత్రపిండాలను పాడు చేయదు. కాని ఆ ఒక్క ముక్కతో ఎవరికీ భయం తీరదని అనుభవం మీద తెలుసుకున్నాను. ఈ భయానికి ఒక పుట్టుక ఉన్నది. దాని వెనుక మరొక మందు, కొన్ని వందల మరణాలు ఉన్నాయి. అందువలన ఈ మందు ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, ఎవరి అపనిందను మోసింది అన్నది మొదటి నుంచి చెప్పుకుందాం.

ఐరోపా దక్షిణ ప్రాంతాలలోను, పశ్చిమాసియాలోను తేమ నేలలలో పెరిగే మొక్క ఒకటి ఉన్నది. శాస్త్రనామం గలేగా అఫిసినాలిస్. ఇంగ్లీషువారు గోట్స్ రూ అని, ఫ్రెంచ్ లైలాక్ అని అంటారు. మన చిక్కుడు, కంది వంటి కాయజాతి కుటుంబానికి చెందినదే. ఇంచుమించు నడుమెత్తు పెరుగుతుంది. ఊదా, తెలుపు రంగుల గుత్తిపూలు పూస్తుంది. గ్రీకు భాషలో 'గాలా' అంటే పాలు. పశువులకు పాలు పెరుగుతాయన్న నమ్మకంతో ఆ పేరు వచ్చింది. పల్లె వైద్యులు జ్వరాలకు, నులిపురుగులకు, మహమ్మారికి కూడా దీనిని వాడారు. మన పొలం గట్ల మీద, బీళ్ళలో కనిపించే వెంపలి మొక్క ఉన్నది చూశారూ, దానిని కూడా ఒకప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు గలేగా అన్న పేరుతోనే పిలిచారు. తరువాత వేరుచేసి తెఫ్రోసియా అన్నారు. ఈ మాట విని ఎవరూ వెంపలి వేళ్ళు కాచి తాగవద్దు! రెండూ దూరపు బంధువులే గాని ఒకటి కావు.

అసలు గలేగాయే మంచి మొక్క కాదు. దానిని మేసిన గొర్రెలు ఊపిరితిత్తులలో నీరు చేరి చనిపోయేవి. 1891లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో పశువుల మేతకు పనికివస్తుందని తెచ్చి నాటారు. పశువులు తినలేదు సరికదా, మొక్క పొలాలను ఆక్రమించింది. ఇప్పుడు అక్కడి ప్రభుత్వం దానిని హానికరమైన కలుపుగా ప్రకటించింది. ఈ కలుపు మొక్క నుంచే మన బిళ్ళకు వంశవృక్షం మొదలవుతుంది.

ఇక కొంత రసాయనశాస్త్రం అవసరం. భయపడకండి, ఇంటర్మీడియెట్ చదువు మరచిపోయినవారికి కూడా అర్థమయ్యేటట్లు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఒక కర్బన పరమాణువును మధ్యలో నిలిపి, దాని చుట్టూ మూడు నత్రజని పరమాణువులను కూర్చోబెట్టండి. పొయ్యి చుట్టూ మూడు రాళ్ళలాగా. దాని పేరు గ్వానిడిన్. 1861లో స్ట్రెకర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనిని మొదట తయారు చేశాడు. పెరూ దేశపు తీరాన సముద్రపక్షుల రెట్ట గుట్టలుగా పేరుకొని ఉంటుంది. ఎరువుగా ఐరోపాకు ఓడల మీద వచ్చేది. దాని పేరు గ్వానో. అందులోని గ్వానిన్ అనే పదార్థం నుంచి తీశాడు కనుక గ్వానిడిన్ అయింది. 1914లో తాన్రే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గలేగా మొక్కలో ఉన్న క్షారాన్ని విడదీసి గలెగిన్ అని పేరు పెట్టాడు. తరువాత చూస్తే అది గ్వానిడిన్‌కు ఒక కర్బన తోక తగిలించినటువంటి పదార్థమే.

గ్వానిడిన్ రక్తంలో చక్కెర తగ్గిస్తుందని తెలిసిన తీరు చిత్రమైనది. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు తీసివేస్తే కండరాలు బిగుసుకుపోతాయి. అందుకు కారణం గ్వానిడిన్ పెరగడమేనని ఆ రోజులలో ఒక సిద్ధాంతం ఉండేది. ఆ సిద్ధాంతం తప్పు. అసలు కారణం కాల్షియం తగ్గడం. కాని ఆ తప్పు సిద్ధాంతాన్ని పరీక్షిస్తూ వతనబే అనే పరిశోధకుడు జంతువులకు గ్వానిడిన్ ఎక్కించి చూడగా వాటి రక్తంలో చక్కెర పడిపోయింది. అది 1918. ఇన్సులిన్ ఇంకా రాలేదు. అయితే గ్వానిడిన్ విషం. మనుషులకు ఇవ్వడానికి పనికిరాలేదు.

విషం తగ్గించి గుణం నిలుపుకోవాలని జర్మన్లు ప్రయత్నించారు. పది కర్బనాల గొలుసుకు రెండు చివరలా గ్వానిడిన్ తగిలించి 1926లో సింథలిన్ అనే మందు తెచ్చారు. బ్రెస్లావ్ నగరంలో ఫ్రాంక్, అతని సహచరులు రోగులకు ఇచ్చారు. సూది లేకుండా నోటితో తీసుకొనే మధుమేహపు మందు! జనం ఆశగా ఎదురుచూశారు. కాని కాలేయం దెబ్బతినసాగింది. 1930ల మొదటికే చాలాచోట్ల దానిని మానుకున్నారు. అప్పటికే ఇన్సులిన్ చేతికి వచ్చింది కనుక ఈ వంశం మీద ఎవరికీ ఆసక్తి మిగలలేదు.

ఇక్కడ చరిత్ర చేసిన ఒక పరిహాసం చెప్పక తప్పదు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే కుర్రవానికి మొట్టమొదటి ఇన్సులిన్ సూది పడింది. ప్రపంచమంతా అటు చూస్తున్నది. అదే సంవత్సరం ఐర్లండులోని డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో వెర్నర్, బెల్ అనే ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు డైమిథైల్ బైగ్వానైడ్ అనే తెల్లని పొడిని తయారు చేసి, దాని తయారీ విధానం పత్రికలో ప్రచురించి ఊరుకున్నారు. మధుమేహం మాట వారి తలపులో లేదు. ఆ పొడే మెట్‌ఫార్మిన్.

రెండు గ్వానిడిన్లు ఒక నత్రజనిని పంచుకొని చేతులు కలిపితే బైగ్వానైడ్ అవుతుంది. అంటే రెండు కర్బనాలు, అయిదు నత్రజనులు. ఒక చివరనున్న నత్రజనికి రెండు మిథైల్ గుంపులు తగిలిస్తే మెట్‌ఫార్మిన్. మొత్తం లెక్క నాలుగు కర్బనాలు, పదకొండు ఉదజనులు, అయిదు నత్రజనులు, అణుభారం 129. ఇంత చిన్న అణువు మందుల ప్రపంచంలో అరుదు. తయారీ కూడా సులువే: డైమిథైలమైన్ హైడ్రోక్లోరైడును సయనోగ్వానిడిన్‌తో కలిపి వేడి చేయాలి. నేడు హైదరాబాదు చుట్టుపట్ల కర్మాగారాలతో సహా మన దేశంలో తయారయ్యే ఈ పొడి ప్రపంచ దేశాలకు పోతున్నది. బిళ్ళలో ఉండేది హైడ్రోక్లోరైడు లవణం. 500 మిల్లీగ్రాముల బిళ్ళలో అసలు మెట్‌ఫార్మిన్ 390 మిల్లీగ్రాములు. కొందరు "చేపల వాసన వేస్తున్నది, పాడైపోయిందేమో" అని బిళ్ళలు పారవేస్తుంటారు. ఆ వాసన డైమిథైలమైన్ వంటి అమైన్లది. కుళ్ళిన చేపలలో ఉండే వాసన కూడా ఆ కుటుంబానిదే. వాసన భరించలేనివారు పూత ఉన్న నెమ్మది విడుదల బిళ్ళకు మారవచ్చు.

1929లో స్లోట్టా, షెషె అనే జర్మన్లు కుందేళ్ళకు బైగ్వానైడ్లు ఇచ్చి చక్కెర తగ్గడం చూశారు. వీటిలో డైమిథైల్ రకానికి విషగుణం బాగా తక్కువని కూడా గమనించారు. అయినా ఎవరూ మనుషులకు ఇచ్చి చూడలేదు. ఇరవై ఏళ్ళు ఆ పొడి పుస్తకాలలో నిద్రపోయింది.

దానిని నిద్రలేపినది మధుమేహం కాదు, మలేరియా. రెండవ ప్రపంచ యుద్ధంలో జావా దీవి జపాను చేతికి పోవడంతో మిత్రదేశాలకు క్వినైను కరవైంది. కొత్త మందు కోసం బ్రిటిష్ వారు వందల రసాయనాలు వెదకి పాలుడ్రిన్ అనే మందు తెచ్చారు. నా తరం వారికి ఆ పేరు గుర్తుండే ఉంటుంది. అది కూడా ఒక బైగ్వానైడే. జంతువులలో దానికి చక్కెర తగ్గించే గుణం కొద్దిగా కనిపించింది. ఫిలిప్పీన్స్‌లో యుసేబియో గార్సియా అనే వైద్యుడు మెట్‌ఫార్మిన్‌నే ఫ్లూమమైన్ అన్న పేరుతో ఫ్లూ జ్వరానికి వాడి, కొందరిలో రక్తపు చక్కెర తగ్గిందని 1950లో రాశాడు. ఫ్లూ సంగతి ఎలా ఉన్నా, ఆ వాక్యం ఒకరి కంట పడింది.

ఆయన పేరు జాన్ స్టెర్న్. పారిస్ వైద్యుడు. శిక్షణలో ఉన్న రోజులలోనే గలెగిన్ మీద పనిచేసిన అనుభవం ఉన్నవాడు. డెనిస్ డువాల్ అనే ఔషధ శాస్త్రవేత్త సాయంతో వరుసగా గ్వానిడిన్ జాతి మందులను జంతువుల మీద పరీక్షించి, వాటిలో మెట్‌ఫార్మిన్‌ను ఎన్నుకున్నాడు. రోగులకు ఇచ్చాడు. కొందరిలో ఇన్సులిన్ అవసరం తగ్గింది, కొందరిలో పూర్తిగా తప్పింది. 1957లో మొరాకో దేశపు వైద్య పత్రికలో ఆ ఫలితాలు ప్రచురించాడు. మందుకు గ్లూకోఫేజ్ అని పేరు పెట్టాడు. చక్కెరను తినేది అని అర్థం. 1958 నాటికి బ్రిటన్‌లో కూడా దొరకసాగింది.

అయితే అదే సంవత్సరాలలో అమెరికాలో ఫెన్‌ఫార్మిన్, జర్మనీలో బ్యుఫార్మిన్ అనే తోబుట్టువులు పుట్టాయి. ఫెన్‌ఫార్మిన్ కొద్ది మోతాదులోనే గట్టిగా పనిచేసేది. సహజంగానే వైద్యులు దానిని మెచ్చుకున్నారు. నెమ్మదైన మెట్‌ఫార్మిన్ ఒక మూలన ఉండిపోయింది.

ఇప్పుడు నా సొంత జ్ఞాపకం ఒకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే ఈ వ్యాసం రాయడంలో అర్థం లేదు.

1970ల మధ్యలో నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌ని. అప్పట్లో మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంలో వేసి కాచి, నీలం నుంచి ఇటుక రంగు దాకా ఏ రంగు వచ్చిందో చూసి చక్కెర అంచనా కట్టేవాళ్ళం. ఫెన్‌ఫార్మిన్ మా చేతిలో మామూలు మందు. ఒక రాత్రి యాభై ఏళ్ళు దాటిన దర్జీని అతని కొడుకు రిక్షాలో తెచ్చాడు. నాలుగు రోజులుగా విరేచనాలు. తిండి లేదు. మనిషి లోతుగా, వేగంగా ఊపిరి తీస్తున్నాడు; పరుగెత్తి వచ్చినవాడిలాగా. మధుమేహం అనగానే కీటోన్ల విషం అనుకున్నాను. కాని నోటి నుంచి పండ్ల వాసన లేదు. రోథెరా పరీక్షలో కీటోన్లు లేవు. చక్కెర కూడా మరీ ఎక్కువ లేదు. ఏమీ అర్థం కాలేదు. పెద్ద డాక్టరు గారిని పిలిపించాం. సోడా బైకార్బొనేటు ఎక్కించాం. తెల్లవారేలోగా ప్రాణం పోయింది. గుండె ఆగినదని కాగితం మీద రాశాం.

ఆ కొడుకు ఒక మాట అన్నాడు: "విరేచనాలైనా బిళ్ళ మాత్రం మానలేదండీ. మానవద్దని మీరే చెప్పారు గదా, పూటపూటా వేశాను." అవును, మేమే చెప్పాం. మా ఓపీ చీటీ మీద ఉన్నది నా దస్తూరీ.

రక్తంలో లాక్టిక్ ఆమ్లం కొలిచే సౌకర్యం అప్పుడు మాకు లేదు. కనుక అది ఫలానా అని నేను ప్రమాణం చేయలేను. కాని తరువాతి సంవత్సరాలలో ఫెన్‌ఫార్మిన్ వలన వచ్చే లాక్టిక్ అసిడోసిస్ గురించి చదివినప్పుడు ప్రతి వాక్యంలోను ఆ దర్జీయే కనిపించాడు. విదేశాలలో అటువంటి మరణాలు పోగుపడి, అమెరికా ప్రభుత్వం 1977లో ఫెన్‌ఫార్మిన్‌ను బజారు నుంచి తీసివేయించింది. తక్కిన దేశాలు చాలావరకు ఆ దారి పట్టాయి. మన దేశంలో ఆ మందు మీద నిషేధం 2003లో వచ్చింది. ఇరవై ఆరేళ్ళ ఆలస్యం! దీనికి నేను ఏ వ్యాఖ్యానమూ చేయను, తేదీలే చాలు.

ఫెన్‌ఫార్మిన్‌తో పాటు తోబుట్టువుకు కూడా చెడ్డపేరు వచ్చింది. 'బైగ్వానైడ్' అన్న ఇంటిపేరు వింటేనే వైద్యులు జంకారు. అమెరికా మెట్‌ఫార్మిన్‌ను 1994 డిసెంబరు దాకా గడప దాటనివ్వలేదు. మరి ఆ రెండింటికీ తేడా ఏమిటి? ఒక్క తోకలో ఉన్నది. మెట్‌ఫార్మిన్‌కు ఉన్నవి రెండు చిన్న మిథైల్ గుంపులు. ఫెన్‌ఫార్మిన్‌కు బెంజీన్ వలయంతో కూడిన పెద్ద తోక ఉన్నది. ఆ తోక కొవ్వును ఇష్టపడుతుంది. దాని వలన ఫెన్‌ఫార్మిన్ కణాల పొరలు దాటి, శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలకు గట్టిగా అంటుకుంటుంది. పైగా అది కాలేయంలో మార్పు చెంది వెళ్ళాలి. పుట్టుకతోనే ఆ మార్పు చేసే ఎంజైము మందంగా ఉన్నవారిలో మందు పేరుకుపోతుంది. మెట్‌ఫార్మిన్ నీటిలో ఇట్టే కరుగుతుంది; శరీరంలో ధనావేశంతో ఉంటుంది కనుక కొవ్వు పొరలను తనంతట తాను దాటలేదు. కణంలోకి తీసుకుపోవడానికి ప్రత్యేకమైన వాహక ప్రోటీన్లు కావాలి. అవి పేగులోను, కాలేయంలోను, మూత్రపిండాలలోను ఎక్కువ. కాలేయంలో అది ఏ మార్పూ చెందదు. వచ్చినది వచ్చినట్లే మూత్రంలో పోతుంది. రక్తంలో దాని సగం ఆరు గంటలలో ఖాళీ అవుతుంది. లాక్టిక్ ఆమ్లపు ప్రమాదం ఫెన్‌ఫార్మిన్‌తో పోలిస్తే పదోవంతు కూడా ఉండదు. మూత్రపిండాలు బాగున్నవారిలో అయితే చాలా చాలా అరుదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. మెట్‌ఫార్మిన్ బయటికి పోయే ద్వారం మూత్రపిండం. ద్వారం మూసుకుపోతే మందు లోపల నిలిచిపోతుంది. ఇంట్లో నీళ్ళు నిలిస్తే తప్పు నీళ్ళది కాదు, తూముది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి వైద్యుడు ఈ మందు ఆపుతాడు. అది చూసిన చుట్టాలు 'ఈ మందు వలననే దెబ్బతిన్నాయి' అనుకుంటారు. ముందు వచ్చినది వెనుకకు, వెనుక వచ్చినది ముందుకు మారిపోయింది. నిజానికి మూత్రపిండాలను చెడగొట్టేది అదుపులో లేని చక్కెర, రక్తపుపోటు. భయంతో బిళ్ళ మానేసి చక్కెరను గాలికి వదిలినవారిలో ఆ మూత్రపిండాలే చెడిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

రక్తపరీక్షలో ఈజీఎఫ్ఆర్ అని ఒక అంకె ఇస్తారు. మూత్రపిండాల వడపోత సామర్థ్యం అది. 45 పైన ఉంటే మందు వాడవచ్చు. 30కి, 45కి మధ్య ఉంటే కొత్తగా మొదలుపెట్టరు. ముందునుంచి వాడుతున్నవారికి వైద్యుడు ఆలోచించి మోతాదు తగ్గిస్తాడు. 30కి తగ్గితే మానివేయాలి. మందు వాడేవారంతా ఏడాదికి ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాలలో, మధుమేహం లేనివారికి కూడా లక్షణాలేవీ తెలియకుండానే మూత్రపిండాలు దెబ్బతింటున్న చోట్ల, ఆ పరీక్ష చేయకుండా ఈ మందు రాయడం తప్పు అనే నా అభిప్రాయం.

ఇక ఆ దర్జీ నాకు నేర్పిన పాఠం. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, వడదెబ్బ తగిలి ఒంట్లో నీరు ఇంకిపోయినప్పుడు, తిండి తినలేని తీవ్రజ్వరంలో, మెట్‌ఫార్మిన్ తాత్కాలికంగా ఆపి వెంటనే వైద్యునికి చెప్పాలి. తిరిగి మామూలుగా తిని తాగగలిగినప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ మాట ఇన్సులిన్‌కు వర్తించదు. దానిని సొంతంగా ఆపరాదు. పెద్ద శస్త్రచికిత్సకు ముందు, రంగుమందు ఎక్కించి తీసే స్కానింగుకు ముందు మెట్‌ఫార్మిన్ వాడుతున్నట్లు తప్పక చెప్పండి. అతిగా మద్యం తాగేవారికి, కాలేయం బాగా చెడినవారికి ఇది తగదు.

ఈ బిళ్ళ పనిచేసే తీరు కూడా తెలుసుకోదగినది. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు కాలేయం మేలుకొని గ్లూకోజు తయారు చేస్తూ ఉంటుంది, మెదడు పస్తుండకూడదని. మధుమేహంలో ఇన్సులిన్ అదుపాజ్ఞలు సరిగా వినబడక, కాలేయం అవసరానికి మించి చేస్తుంది. ఏమీ తినకుండా లేచినా పొద్దున్నే చక్కెర ఎక్కువ ఉండడానికి కారణం ఇదే. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా ఈ తయారీకి పగ్గం వేస్తుంది. క్లోమాన్ని కొరడాతో కొట్టి ఇన్సులిన్ పిండదు. అందుచేత ఇది ఒక్కటే వాడేవారికి చక్కెర మరీ పడిపోయి కళ్ళు తిరిగే ప్రమాదం దాదాపు ఉండదు. బరువు కూడా పెరగరు.

పగ్గం ఎలా వేస్తుందన్న దాని మీద ఇంకా వాదాలు సాగుతున్నాయి. మైటోకాండ్రియాలోని శక్తి గొలుసులో మొదటి మెట్టును ఇది నెమ్మదింపజేస్తుందని 2000లో కనుగొన్నారు. అప్పుడు కణానికి నాణెం వంటి ఏటీపీ తగ్గి, ఖర్చయిన నాణెమైన ఏఎంపీ పెరుగుతుంది. ఆ మార్పును పసిగట్టే ఎంజైము ఒకటి మేలుకొని 'ఖర్చులు తగ్గించండి' అని ఆజ్ఞ ఇస్తుంది. 2001లో ఈ వివరణ వచ్చినప్పుడు కథ ముగిసిందనుకున్నాం. ఆ ఎంజైము లేని ఎలుకలలో కూడా మందు పనిచేస్తున్నదని 2010లో తేలింది! పేగులలో కూడా దీనికి గట్టి పని ఉన్నదని ఇప్పుడు అంటున్నారు.

ఏటీపీ మాట వచ్చింది కనుక ఒక తెలుగువాని పేరు తలచుకోకుండా ముందుకు పోలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి 1929లో కండరాలలో ఏటీపీని కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నాడు. అంతకు రెండేళ్ళ ముందు వారిద్దరూ కనుగొన్న ఫాస్ఫోక్రియాటిన్‌లో ఉన్నది కూడా మన పొయ్యి రాళ్ళ గ్వానిడిన్ గుంపే. స్లోట్టా కుందేళ్ళకు బైగ్వానైడ్లు ఇచ్చిన సంవత్సరం కూడా 1929. ఒకరికొకరు సంబంధం లేని ఈ రెండు పనులు ఒకే బిళ్ళలో కలుస్తాయని అప్పుడు ఎవరు ఊహించగలరు?

మెట్‌ఫార్మిన్‌కు పోయిన పరువు తిరిగి వచ్చినది 1998లో. బ్రిటన్‌లో కొత్తగా మధుమేహం వచ్చిన అయిదు వేల పైచిలుకు మందిని ఏళ్ళ తరబడి గమనించిన యూకేపీడీఎస్ అనే అధ్యయనంలో, స్థూలకాయులైన 342 మందికి మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. ఆహార నియమాల మీదనే ఎక్కువగా ఆధారపడిన 411 మందితో పోలిస్తే, మధుమేహ సంబంధమైన మరణాలు వీరిలో 42 శాతం, గుండెపోటులు 39 శాతం తగ్గాయి. చక్కెర తగ్గించే మందు ఆయుష్షు కూడా నిలుపుతుందని అప్పుడు తెలిసింది. 342 మంది పెద్ద సంఖ్య కాదన్న విమర్శ ఉన్నది, అది న్యాయమే. అదే అధ్యయనంలో సల్ఫొనైల్‌యూరియా మందుకు దీనిని కలిపినవారిలో ఫలితాలు ఇంత బాగా లేవు, మరణాలు పెరిగినట్లు కూడా కనిపించింది. అందులోనూ సంఖ్యలు చిన్నవే. ఈ రెండవ సంగతిని మందుల ప్రతినిధులు మాకెన్నడూ చెప్పలేదు; మూలవ్యాసం చదివి తెలుసుకున్నాను. ఈ రోజున గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్న మధుమేహ రోగులకు మేలు చేసే కొత్త మందులు వచ్చాయి. అటువంటివారికి మెట్‌ఫార్మిన్ ఉన్నా లేకున్నా వాటిని మొదలుపెట్టడం నేటి పద్ధతి.

వాడుకలో వచ్చే చిక్కులు కొన్ని చెబుతాను. మొదట్లో కడుపు ఉబ్బరం, వికారం, నీళ్ళ విరేచనాలు చాలామందికి వస్తాయి. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, భోజనంతో గాని భోజనం కాగానే గాని వేసుకొని, వారానికి కొంత పెంచుకుంటూ పోతే సాధారణంగా సర్దుకుంటుంది. నెమ్మది విడుదల బిళ్ళను కొరకరాదు, విరవరాదు. దాని ఖాళీ డొల్ల కొన్నిసార్లు మలంలో అలాగే కనబడుతుంది. ఒక పెద్దాయన దానిని కడిగి కాగితంలో చుట్టి తెచ్చి "మీ మందు అరగడమే లేదు" అని నా బల్ల మీద పెట్టారు! మందు లోపలే కరిగిపోయింది, అది ఉత్త పెంకు అని నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది.

నవ్వి ఊరుకోకూడని చిక్కు ఇంకొకటి ఉన్నది. ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో విటమిన్ బి12 తగ్గుతుంది. మాంసం, గుడ్లు, పాలు తక్కువగా తినేవారిలో మరీ. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు వస్తాయి. 'షుగరు నరాల మీద పడింది' అని అందరం అనుకుంటాం, నరాల మందులు రాస్తాం. బి12 పరీక్ష చేస్తే అసలు సంగతి బయటపడవచ్చు. నాలుగైదేళ్ళు దాటి వాడుతున్నవారు, ముఖ్యంగా శాకాహారులు, కాళ్ళ మంటలు ఉన్నవారు ఆ పరీక్ష అడిగి చేయించుకోండి.

మధుమేహం రాకముందే దీనిని వాడవచ్చునా? అమెరికాలో 3,234 మందితో చేసి 2002లో వెలువరించిన అధ్యయనంలో ఆహారం, వ్యాయామం మార్చుకున్నవారిలో మధుమేహం 58 శాతం, మెట్‌ఫార్మిన్ తీసుకున్నవారిలో 31 శాతం తగ్గింది. అరవై దాటినవారిలో బిళ్ళ ప్రభావం స్వల్పం. 2006లో చెన్నైలో రామచంద్రన్ గారి బృందం 531 మంది భారతీయుల మీద చేసిన అధ్యయనంలో జీవనశైలి మార్పుతో 28.5, బిళ్ళతో 26.4 శాతం తగ్గింది. రెండూ కలిపినా 28.2 మించలేదు. వారు వాడినది రోజుకు 500 మిల్లీగ్రాములే. అండాశయాలలో నీటితిత్తులతో నెలసరి తప్పే అమ్మాయిలకు కూడా దీనిని రాస్తారు. నెలసరి సరిపడడానికి కొంత ఉపకరిస్తుంది. మీ అమ్మాయి చీటీలో ఈ పేరు చూసి 'షుగరు వచ్చిందా' అని కంగారు పడవద్దు. గర్భిణుల మధుమేహంలో 2008 నాటి అధ్యయనం తరువాత వాడుక పెరిగింది గాని, అందులో దాదాపు సగం మందికి ఇన్సులిన్ కూడా కలపవలసి వచ్చింది. ఇది మాయను దాటి బిడ్డకు చేరుతుంది కనుక ఆ నిర్ణయం ప్రసూతి వైద్యులదే. కాన్సరును తగ్గిస్తుందన్న ఆశ ఒకటి చాలాకాలం నడిచింది. రొమ్ము కాన్సరు రోగులలో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2022లో వచ్చింది, లాభం కనబడలేదు.

ఇప్పుడు కొత్తగా దీర్ఘాయువు మాట బయలుదేరింది. మా కాలనీ పార్కులో నాతో పాటు నడిచే మిత్రుడు, డెబ్బై ఒక్క ఏళ్ళవాడు, మధుమేహం లేదు, ఏదో వీడియో చూసి వచ్చి "నాకు కూడా రాయవయ్యా, నూరేళ్ళు బతుకుతాను" అన్నాడు. మనుషులలో ఆయుష్షు పెరుగుతుందని రుజువేదీ లేదు. పైగా 65 దాటిన ఆరోగ్యవంతులలో బరువులెత్తే వ్యాయామంతో పెరగవలసిన కండ, ఈ బిళ్ళ వేసుకున్నవారిలో తక్కువగా పెరిగిందని 2019లో ఒక పరీక్ష తేల్చింది. ఆ సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే నడక మాననా?" అన్నాడు. మాననక్కరలేదన్నాను. అప్పటికి మూడో చుట్టు పూర్తయింది.